అరువు వీరుడు, మా నర్సవ్వ

గచ్చిబౌలిలో మా ఆఫీసు క్యాంటీన్‌వాళ్ళు అప్పుడప్పుడు పప్పుచారుతో పాటు గుమ్మడి వడియాలు వేయిస్తారు. ఆ ఇంగువ, పచ్చిమిర్చి వాసన ఏసీ గాలిలో కలిసి లిఫ్టు దాకా వచ్చేసరికి, మెడలో కంపెనీ కార్డు తాడుతో నిలబడ్డ నేను కాస్తా ఖాజాగూడలో మా అపార్ట్‌మెంటు డాబా మీద కాకుల్ని తోలే ఉద్యోగంలో ఉంటాను. నిజం చెప్పాలంటే ఇప్పటి ఉద్యోగం కంటే అందులోనే నాకు మంచి పేరుండేది.

అప్పట్లో వేసవి సెలవులంటే మాకు ఆ డాబానే. మా అమ్మది భీమవరం వైపు. ఎండ కనబడితే ఏదో ఒకటి ఎండబెట్టకుండా ఉండలేదు. పాత పంచెల మీద వరసలుగా వడియాలు, మజ్జిగలో ఊరిన చల్లమిరపకాయలు, ఓ మూల ఆవకాయ కోసం తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు. నీళ్ళ ట్యాంకు నీడలో మేము, అరికాళ్ళు కాలి గెంతుతూ, ఆరీ ఆరని వడియాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు నాకుతూ, పిట్టగోడ మీంచి చెరువునూ, గుండ్రాళ్ళ గుట్టనూ, దాని వెనక కొత్తగా లేస్తున్న క్రేన్లనూ చూస్తూ గడిపేవాళ్ళం. ఎవరైనా మమ్మల్ని చూస్తే కాపలా కాస్తున్నారనుకునేవాళ్ళు. కాకులు మాత్రం అలా అనుకునేవి కాదు.

నాతో కావలి కాసేది మమత. అపార్ట్‌మెంటు కట్టిన స్థలం వాళ్ళదే. బిల్డరుకిచ్చి వాటాగా ఫ్లాట్లు తీసుకున్నారు. మేము కిరాయివాళ్ళం కాబట్టి సెల్లారు క్రికెట్లో మొదటి బ్యాటింగు ఎప్పుడూ ఆమెదే. వాళ్ళ నాయనమ్మ నర్సవ్వ లిఫ్టును నమ్మేది కాదు. నోట్లో వక్కతో, చేతిలో తుమ్మకర్రతో మెట్లన్నీ ఎక్కి వచ్చి కాకుల్నీ, మమ్మల్నీ తేడా లేకుండా అదిలించేది. దూరంగా క్రేను ఇటు తిరిగితే దాన్నీ వదిలేది కాదు. "ఏందిరా, గిటు జూస్తున్నవ్? అటు తిరుగు." క్రేను అటు తిరిగేది. దాని పని అదే అని మాకు తెలుసు, అయినా నమ్మేవాళ్ళం.

ఎండ దిగేదాకా కథలు చెప్పడం మమత పని. ఆ కథల్లో వీరుడు మాత్రం ఆమె సృష్టించినవాడు కాదు, సాయంత్రాలు టీవీలో ఎగిరే బొమ్మల వీరుడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. మమత చేతిలో పడ్డాక ఆయన మా గుట్ట మీద దిగేవాడు, చెరువు బురదలో చెప్పు పోగొట్టుకునేవాడు, ఆఫీసు బస్సు వెనక పరిగెత్తేవాడు, వేడి సర్వపిండి తిని నాలుక కాల్చుకునేవాడు. లోకాన్ని కాపాడే తీరిక ఆయనకు దొరికేది కాదు.

ఓ ఏడు వినాయక చవితికి, మామిడాకులూ పులిహోరా తడి సెల్లారూ కలిసిన ఆ వాసనలో, అసోసియేషన్ పెద్దలు పిల్లల కథలన్నీ చిన్న పుస్తకంగా వేసి మండపం దగ్గర అమ్మాలని నెల ముందే నిర్ణయించారు. మమత కథ మొదటిది. తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆమె ఆశ. చదవడం రాని నర్సవ్వ అప్పటికే చెరువు దాకా అందరికీ చెప్పేసింది.

రెండో అంతస్తు మూర్తి అంకుల్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో న్యాయ వ్యవహారాలు చూసేవారు. పాల ప్యాకెట్టు మీది షరతులు కూడా చదివే మనిషి. కథ చదివి, కళ్ళజోడు తీసి, "ఇది వేయకూడదండి. ఈ వీరుడి మీద హక్కులు విదేశీ కంపెనీవి," అన్నారు. సెల్లారులో భూకంపం వచ్చినంత పని అయింది. విదేశీ లాయర్లు వస్తే ఎవరూ ఇంట్లో లేరని చెప్పమని వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టారు. ప్రెసిడెంటు గారికి ఉపాయం తట్టింది. "సినిమాల్లో వేస్తారు కదండీ, పాత్రలన్నీ కల్పితం అని. మనమూ వేసేద్దాం."

"కల్పితమేనండి," అన్నారు మూర్తి అంకుల్. "కల్పించింది మనం కాదు. అదే చిక్కు."

మమత ఏడవలేదు. ఆటకు రావడం మానేసింది. మొదటి బ్యాటింగు నాకొచ్చింది, అయినా సంతోషం కలగలేదు.

వాన తెరిపిచ్చిన ఓ మధ్యాహ్నం మూర్తి అంకుల్ ఆయాసపడుతూ డాబా మీదికొచ్చారు. ట్యాంకు పక్కన కూర్చున్న మమత ఆయన వైపు చూడలేదు.

"అమ్మా, నీ కథలో పిల్లాడు టీవీలో ఆయన్ని చూశాడనుకో, చొక్కా మీద బొమ్మ వేయించుకున్నాడనుకో, మామూలుగా ఎవరూ ఏమీ అనరు. ఆయన్నే తెచ్చి, మనిష్టం వచ్చినట్టు తిప్పి, పుస్తకం చేసి అమ్మితే, పుట్టించినవాళ్ళు అడుగుతారు. అడగాలి కూడా."

"గాయన లేకుంటే నా కథల ఏముంటది అంకుల్?"

"నేను చదివానుగా. ఆయన ఎగిరిన చోట నాకు నవ్వు రాలేదు. బస్సు అందని చోట వచ్చింది. అది నీది."

కింద మెట్ల మీద తుమ్మకర్ర చప్పుడు, దానితో పాటు లిఫ్టును తిడుతున్న గొంతు వినబడ్డాయి. వీరుడు దొరికినట్టు మమత నా వైపు చూసింది. ఇలాంటి ఘట్టాల్లో మెరుపు మెరవాలి. ఆ రోజు మెరిసింది నా ముక్కు మీది చెమట మాత్రమే.

కొత్త కథలో నర్సవ్వ వడియాలు తడుస్తున్నాయని క్రేను కొక్కెమెక్కి, మబ్బుల్ని కర్రతో అదిలించి నార్సింగి వైపు తోలేసింది. మూర్తి అంకుల్ అంతా చదివి, "ఈవిణ్ణి కూడా అడగాలమ్మా," అన్నారు. అడిగాం.

"పేరు మార్చాల్నా నాయనమ్మా?"

"పేరెందుకు మారుస్తవ్ బిడ్డా, నేనేమన్న దొంగనా? గని కర్ర జర పెద్దగ రాయి."

పుస్తకం వచ్చింది. మమత తన పేరును వేలితో తడిమి, ఇంకు చెరుగుతుందేమోనని చప్పున చేయి తీసేసింది. మర్నాటి నుంచి సెల్లారులో పిల్లలెవరూ టీవీ వీరుడిగా ఉండటానికి ఒప్పుకోలేదు. అందరికీ నర్సవ్వే కావాలి. ఆ మధ్యాహ్నం మూర్తి అంకుల్ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి రాకపోతే, మేమంతా ఇంకొకరి వీరుణ్ణి పట్టుకునే పెద్దవాళ్ళమయ్యేవాళ్ళం. ఆయనకు నేనెప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఇదే చెప్పడం.

ఇప్పుడా డాబాకు తాళం. దాని నిండా సోలార్ పలకలు. గుట్ట సగం గాజు గోడల వెనక్కి పోయింది. పోయినేడు నర్సవ్వ కూడా పోయింది. దినాలకు అందరం వెళ్ళాం. మాలో ఒకడు, ఇప్పుడు పెద్ద మేనేజరు, విస్తరి ముందు కూర్చుని చెబుతున్నాడు: "నేను కళ్ళారా చూసిన భయ్, నర్సవ్వ కర్ర ఊపితే వాన నార్సింగికి పోయింది."

తల నెరిసిన మూర్తి అంకుల్ మమత వైపు వంగి మెల్లగా అన్నారు, "అది నువ్వు రాసిందమ్మా. జరిగింది కాదని చెప్పనా?"

మమత ఆయన విస్తట్లో ఇంకో గారె వేసింది.

"వద్దు అంకుల్. పుస్తకమొచ్చినంక నాయనమ్మ కూడా గట్లనే చెప్పుకున్నది."