తాత కాటుక, జపాన్ పాట

నేను హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు రోజూ ధర్మవరం నుంచి ప్యాసింజరు రైల్లో పోయి వచ్చేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలమది. క్లాసులో నా పక్కన కూర్చునే స్నేహితురాలికి బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న ఉన్నాడు. ఒక సోమవారం ఆమె వాళ్లన్న ఇచ్చిన సీడీ ఒకటి తెచ్చింది. సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో ఒకే కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని, చెరొక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని విన్నాం.

అది జపాన్ వాళ్ల రాక్ పాట. మొదట పియానో జోలపాటలా మెల్లగా మోగింది. గాయకుడు గుసగుసలాడినట్టు పాడాడు. అంతలో డ్రమ్ములు, గిటార్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ గొంతే అరుపైంది, ఏడుపైంది, మళ్లీ పాటైంది. ఒక్క మాట అర్థం కాకపోయినా నాకు ఒళ్లు జలదరించింది.

తర్వాత అందులోని ఫొటోలు తెరిచాం. ఐదుగురున్నారు. ఎరుపు, ఊదా రంగుల జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. తెల్లటి ముఖాలు, కళ్ల చుట్టూ మందంగా కాటుక, లేసు గౌన్లు.

"ఎంత బాగుండారే ఈ ఆడపిల్లలు!" అన్నాను.

"ఆడపిల్లలు కాదే, అందరూ మగోళ్లే. ఇట్ల వేషం కట్టి పాడేదాన్ని విజువల్ కే అంటారంట."

ఆ ఫొటో కలర్ ప్రింటు తీయించి నోట్సులో పెట్టుకున్నాను. స్నేహితురాలి సీడీ ప్లేయరు అడిగి తెచ్చుకుని, పాటను విని విని, వినబడినది వినబడినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. రైల్లో అదే గొణుక్కునేదాన్ని.

ఒక ఆదివారం ఆ ప్రింటు మా అమ్మ చేతికి చిక్కింది. వాళ్లు మగవాళ్లని చెప్పగానే ఆమె ముఖం మాడిపోయింది. "మగోళ్లకు ఈ సోకులేందే? సదువుకోను పంపిస్తే నువ్వు నేర్చుకుంటాండేది ఇదా?" అంది. ఆమెకు అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. మగ్గం మీద ఉన్న నాయన తలెత్తి చూసి, మళ్లీ నేతలో పడిపోయాడు. నాయన నన్ను మందలించేలా లేడని అమ్మ నన్ను పెనుకొండకు, వాళ్ల నాయన దగ్గరికి తీసుకుపోయింది.

మా తాత వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడని లీలగా విన్నాను గానీ, ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. తాత అద్దాలు పెట్టుకుని ఫొటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఈ కంటి కాటుక ఎవరు దిద్దినారు పాపా?"

"వాళ్లే వేసుకుంటారేమో తాతా."

"చేయి తిరిగినోళ్లే. అయితే ఈ మూలనుండేవానికి రంగు గొంతుదాకా దించలేదు చూడు. దీపాలకింద తల ఒకటే తేలినట్ట కనిపిస్తాది."

అమ్మకు ఒళ్లు మండింది. "దీనికి బుద్ధి చెప్పమని తీసుకొస్తే నువ్వు మార్కులేస్తాండావా నాయనా? బడిలో నన్ను చీర కట్టేవాని కూతురని ఎంత ఎగతాళి చేసినారో నీకు తెలుసా?"

తాత ఫొటో కింద పెట్టాడు. "తెలుసమ్మా. నీ పలక మీద ఎవరో రాసింది నేను చూసినా. ఆ ఏడే గదా వేషం మానేసింది."

ఆయన వయసైపోయి మానుకున్నాడని అమ్మ అన్నాళ్లూ అనుకుందట. కొంగుతో ముఖం తుడుచుకుని, కాఫీ పెడతానని లోపలికి పోయింది.

నేను సంచిలోంచి సీడీ ప్లేయరు తీసి, తాత చెవికి ఇయర్‌ఫోను పెట్టాను. డ్రమ్ములు రాగానే ఉలిక్కిపడ్డాడు గానీ తీయలేదు. పాట అయిపోయాక, "మాట తెలీదు గానీ, యాడ ఏడుస్తాండాడో తెలుస్తాండాది" అన్నాడు.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో మేం నలుగురు ఆడపిల్లలం ఆ పాట పాడాలనుకున్నాం. నల్ల బట్టలకు నాయన మగ్గం దగ్గర మిగిలిన జరీ అంచు ముక్కలు కుట్టుకున్నాం. ముఖాలు దిద్దడానికి తాత రంగుల పెట్టె పట్టుకుని పెనుకొండలో రైలెక్కాడు. "మోసేదానికైనా రా" అని అమ్మనూ ధర్మవరం నుంచి రప్పించాడు. మా జుట్లు ఎంత దువ్వినా నిలబడకపోతే, చిక్కటి సబ్బు నీళ్లు పట్టించి ఎండలో కూర్చోబెట్టాడు. గంటకు అట్టముక్కల్లా బిగుసుకున్నాయి.

వేదిక ఎక్కగానే మైదానమంతా ఈలలు, నవ్వులు. మాకు గిటార్లు లేవు. సీడీ పెట్టుకుని దాని మీద పాడాం. మొదటి చరణం భయంతో నోట్లోనే గొణిగాను. డ్రమ్ములు మొదలైనాక మాత్రం భయం పోయి, ఊపిరున్నంతమటుకు అరిచి పాడాను. చెమటకు నా స్నేహితురాలి జుట్టు ఒకవైపు ఒరిగి కంటిమీద పడింది. ఆమె దాన్ని చేత్తో పట్టుకునే ఎగిరింది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ధర్మవరం పిల్లలు అది కన్నడ పాటనుకున్నారు. అమరాపురం నుంచి వచ్చే కన్నడం పిల్లలు తమిళమనుకున్నారు. దిగాక మా లెక్చరర్ నన్ను పక్కకు పిలిచి, "ఏ భాషమ్మా అది?" అని అడిగాడు. బహుమతి మాత్రం జానపద నృత్యానికి పోయింది.

"ఈ రంగు ఏసిందెవరు?" అని పిల్లలంతా తాత చుట్టూ మూగారు. కొంచెం ఎడంగా నిలబడ్డ అమ్మ ముందుకొచ్చి, "మా నాయన. ఈయన రాణి వేషం కడితే ముదిగుబ్బ నుంచి కూడా బండ్లు కట్టుకోని వచ్చేవాళ్లు" అంది. తాత తల వంచుకుని పెట్టె సర్దుకోసాగాడు.

తిరుగు రైల్లో అమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. "నాయనా, అంత బరువు జడ తలకు ఎట్ల నిలబడేది?" అని అడిగింది. తాత ఎట్లా కట్టేవాడో నా తలమీద చేసి చూపించాడు. అమ్మ ఇంకొకటి అడిగింది, ఆయన ఇంకొకటి చెప్పాడు. పక్క సీట్ల వాళ్లు కూడా జరిగి కూర్చున్నారు. ఆ సందడిలో పెనుకొండ వచ్చిందీ పోయిందీ ఎవరమూ చూసుకోలేదు. రైలు ధర్మవరంలో ఆగాక, తాత కిటికీలోంచి తొంగిచూసి, "ఇదేందమ్మా, నేను దిగాల్సిండే ఊరేది?" అన్నాడు.

"ఏం పోయింది లే. పద, ఇంట్లో నాలుగు దినాలుండు" అని అమ్మ ఆయన చేతిలోని పెట్టె అందుకుంది.

ఆయన పది రోజులున్నాడు.