అద్దంలో సత్తిబాబు గారు

నర్సీపట్నంలో నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నాకు క్లిప్పులిచ్చే కెమెరామన్ సత్తిబాబు గారికి ఒక అలవాటుండేది. షాటు తీశాక దాని గురించి ఒక ముక్క కెమెరాలోనే టైపు చేసేవారు. అది క్లిప్పుతోపాటే ఉండిపోతుంది. నా పాత కంప్యూటర్ అంత పెద్ద ఫైళ్లను తట్టుకోలేక, వాటిని చిన్నవిగా మార్చుకునేవాణ్ణి. ఆ మార్పులో ఆయన రాతలు పోయేవి.

“నాను రాసినవి సూత్తన్నావేటి?” అని అడిగేవారు.

“చూస్తున్నానండీ” అని అబద్ధమాడేవాణ్ణి.

మొన్న వేసవిలో ఆయన గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అయ్యాక వాళ్లావిడ వరలక్ష్మి గారు షాపుకొచ్చారు. “అందర్నీ తీసినారు గానీ ఆయన బొమ్మ ఒక్కటీ నేదు బాబూ. ఈడియోల్లో ఎక్కడైనా పడ్డారేటో సూడు” అన్నారు.

ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆయన ఆఖరున తీసిన కోటవురట్ల పెళ్లి ఫైళ్లను మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే తెరిచాను. ఒక క్లిప్పు పక్కన ఆయన రాత కనబడింది: “అద్దంలో నేను పడ్డాను. తీసెయ్.”

పెళ్లికూతురి వెనక బీరువా అద్దంలో ఆయనున్నారు. ఒక చేత్తో కెమెరా పట్టుకుని, రెండో చేత్తో గుండెను గట్టిగా నొక్కుకుంటున్నారు.

ఆ షాటు నేను ఆయన బతికుండగానే ఎడిట్ చేశాను. ఆ రాత చదివుంటే అద్దం వైపు చూసేవాణ్ణి.

“నొప్పని నాకు సెప్పనేదు” అన్నారు వరలక్ష్మి గారు. తెర మీద ఆ చేతిని చూపించి, “సెయ్యి కనపడకుండా మొకం వరకే ఫొటో తీసియ్యి బాబూ” అన్నారు.

అలాగే కత్తిరించి ఇచ్చాను. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

— రమణ, నర్సీపట్నం