ఇటుకరంగు జెర్సీలు

ఈ పరదేశపు నగరంలో, గిరావీన్ పేట పక్కన ఇటుకల ఫ్యాక్టరీ పోయి టౌన్‌హౌసులు వచ్చాయి. ఆ ఫ్యాక్టరీ వాళ్లు పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్ మాత్రం ఇంకా చావలేదు. ఒకప్పుడు జెర్సీలు ఫ్యాక్టరీ లాండ్రీలోనే ఉతికేవాళ్లు. ఇప్పుడు బాలమురళి ఉతుకుతాడు. బ్యాంకులో ఐటీ ఉద్యోగం, యాభై దాటిన వయసు, అరిగిన మోకాళ్లు. కొడుకు చిన్నప్పుడు అక్కడ ఆడుతుంటే ఈ పని నెత్తినేసుకున్నాడు. కొడుకు ఆట మానేసి యూనివర్సిటీకి పోయాడు గానీ, పని ఈయన్ని వదల్లేదు. ఆదివారం వచ్చిందంటే పెరట్లో వంగి, ఎండిన బురద గోకి, జెర్సీలు తిరగేసి ఉతికి, నంబర్ల వరసలో తీగ మీద ఆరేస్తాడు. ఆపైన నడుం పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోతాడు. "డాడ్, జస్ట్ క్విట్," అంటాడు కొడుకు కిటికీలోంచి. ఈయన ఖాళీ బకెట్ బోర్లిస్తాడు.

మొన్న శనివారం ఆటకి ఆరుగురే వచ్చారు. ఏడుగురు లేనిదే మ్యాచ్ మొదలవదు. ఇంకొక్క మ్యాచ్ ఎగ్గొడితే లీగ్‌లోంచి తీసేస్తామని ముందే చెప్పారు, అంటే క్లబ్ పని అయిపోయినట్టే. కోచ్ ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. బాలమురళి సంచిలోంచి పద్నాలుగో నంబర్ జెర్సీ తీసి తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర పట్టేసింది. ఆటంతా ఒక మూల నిలబడ్డాడు. బంతి ఆయన దాకా రానేలేదు. జట్టు చిత్తుగా ఓడింది.

మర్నాడు భార్య కిరణ్మయి ఆ జెర్సీ ఎత్తి చూసింది. "దీనికి చుక్క మట్టి కూడా అంటలేదండీ. మడతపెట్టెయ్యండి, నీళ్లు దండగ."

బాలమురళి దాన్ని అందుకుని మిగతావాటితో పాటే బకెట్లో ముంచాడు.

"ఆడాను కదా," అన్నాడు.