పిన్నిగారి తొట్టికి పెద్ద ఫిల్టరు

పక్కింటి పిన్నిగారి పెరట్లో, నూతి పక్కన సిమెంటు తొట్టి. అందులో ఎర్ర చేపలు. కళ్ళలో శుక్లాలు ముదిరి, ఆవిడకి వాటి రంగు ఆనడం మానేసి చాన్నాళ్ళయింది. మరమరాలు వేసినప్పుడు అవి ఎగబడే చప్పుడు విని మురిసిపోయేవారు. మొన్న కంటి ఆపరేషన్‌కి కాకినాడ వెళ్తూ, "రాగానే ముందు వాటినే చూడాలి బాబూ. కాస్త కనిపెట్టి ఉండు" అని నాకు అప్పజెప్పారు.

నేను ఊరుకుంటానా! ఆ పచ్చటి నీళ్ళు చూస్తేనే నాకు ఒళ్ళు మంట. నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టరు కొందామని వెళ్తే, అమలాపురంలో దుకాణం ఆయన "తొట్టి ఎంతుంటుందండీ?" అని అడిగాడు. "అదంతా ఎందుకండీ, ఉన్నవాటిలో పెద్దది ఇవ్వండి" అని దబాయించాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడాయన.

తెచ్చి బిగించాను. తొట్టి మీద పిన్నిగారు కప్పిన కొబ్బరి మట్టలు కూడా తీసి అవతల పారేశాను.

"అవెందుకు తీసేరు? ఆవిడ ఊరికే వేసేరంటారా?" అంది మా ఆవిడ.

"నీకు తెలీదు, ఊరుకో!" అని కసిరాను.

నీళ్ళు ఎంత తేటపడ్డాయంటే, అడుగున గులకరాళ్ళు కూడా కనిపించాయి. ఓ పొద్దున్న గట్టు మీద తెల్లకొంగ వాలితే, ఆహా అనుకుని ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే! ఇన్నాళ్ళూ ఆ పచ్చదనం, ఆ మట్టలే చేపల్ని కొంగల కంటపడకుండా దాచాయని నా బుర్రకి తట్టలేదు.

మండపేటలో పెళ్ళికి వెళ్ళి మర్నాడు తిరిగొచ్చేసరికి తొట్టిలో ఒక్క చేప లేదు. గట్టు నిండా కొంగ రెట్టలు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈలోపే వీధిలో ఆటో ఆగింది.

పిన్నిగారు నల్లకళ్ళద్దాలతో, దారిలో కొన్న మరమరాల పొట్లంతో, ఇంట్లోకైనా వెళ్ళకుండా నేరుగా తొట్టి దగ్గరికొచ్చారు. గుప్పెడు మరమరాలు వేసి వంగి చూశారు.

"నీళ్ళు భలే తేటగా ఉన్నాయి బాబూ. చేపలే ఆనట్లేదు." ఆవిడ కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశారు. "నాకు చూపు రాలేదంటావా?"

'ఇంకా కొత్త కదండీ, మెల్లగా ఆనుతుంది' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఛీ! నా మీద నాకే అసహ్యం వేసింది.

"మీ చూపు బాగానే ఉందండీ. చేపలే లేవు. నా వల్లే పోయాయండీ."

"అలాగా" అన్నారు. నా వైపు చూడలేదు. మరమరాలు నీళ్ళ మీద అలాగే తేలుతున్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డారు.