బాపు నాలుగు వేళ్లు

మా చెరువులో వల దిగాలంటే ముందు బాపు చెయ్యి, అంటే మా నాన్న చెయ్యి, దానిలోంచి దూరాలి. కుడిచేతి నాలుగు వేళ్లు దగ్గరగా కలిపి వలకంట్లోకి తోస్తాడు. కణుపుల దాకా బిగువు లేకుండా పోతే ఆ వల చెరువులోకి, మధ్యలో పట్టేస్తే ఇంటికి. పెద్దపల్లి దగ్గరి మా ఊళ్లో చేపల సంఘానికి రాతకోతలు లేకపోలేదు. చేపల శాఖ సారు ఒకసారి వచ్చి, వలకన్ను ఎన్ని అంగుళాలు ఉండాలో పుస్తకంలో రాయించి పోయాడు. ఆ పుస్తకం మళ్లీ ఎవరూ తెరవలేదు. చెయ్యి ఉండగా పుస్తకం ఎందుకన్నారు, నేనూ అదే అన్నాను.

బొచ్చె, రోహు చేపలు మా చెరువులో పిల్లలు పెట్టవు. ఏటా వానలు పడ్డాక పిల్లలను తెచ్చి వదలాలి, ఎండాకాలం దాకా ఆగాలి. కాల్వ నీళ్లు వచ్చినప్పటి నుంచి చెరువు ఎండడం లేదు కాబట్టి, ఈ ఏడు వలకంట్లోంచి జారిపోయిన చేప మరుసటి ఏటికి బలిసి దొరుకుతుంది. కిలో దాటిన చేపకు పలికే ధర అరకిలో చేపకు పలకదు. ఇది నాకు ఏ సారూ చెప్పక్కర్లేదు, పెళ్లయినప్పటి నుంచి చేపలమ్మే బతుకుతున్నాను. నన్ను ఊళ్లోనే ఇచ్చారు. నన్ను కన్న అవ్వ పోయాక బాపు మా ఇంట్లోనే ఉంటున్నాడు.

నాలుగైదేళ్ల పాటు చేప చిన్నదవుతూ వచ్చింది. మొదట పిల్లలు మంచివి కావన్నారు. తర్వాత నీళ్లు ఆలస్యంగా వచ్చాయన్నారు. ఆ తర్వాత నీటికాకుల మీద పడ్డారు. నాకు ముక్కు మీదే కోపం. పిల్లలను వదలడానికి వచ్చిన సారును నలుగురి ముందు పట్టుకుని, మీరు తెచ్చేవి చేపపిల్లలా, చీమలా అని కడిగేశాను. పాపం ఆయన బండెక్కి పోయాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ముందటేడు ఎండాకాలం కరీంనగర్ నుంచి వచ్చే బేరగాడు నా గంప చూసి, పెద్ద చేప లేకపోతే వచ్చే ఏడు మా చెరువుకు బండి పంపనని తేల్చి చెప్పాడు. అతను కొనకపోతే సంఘంలో ఉన్న ఇళ్లన్నీ ఊరూరా తిరిగి చిల్లరగా అమ్ముకోవాల్సిందే.

అసలు సంగతి కోతుల వల్ల తెలిసింది. బీరపాదును కోతులు పీకేస్తున్నాయని అటక మీది పాత వల దించి, చిరుగులు కుట్టమని బాపుకు ఇచ్చాను. బాపు బలంగా ఉన్న రోజుల్లో, ఆయన చెయ్యి పెట్టి చూశాకే చెరువులో దిగిన వల అది. చిరుగు వెతుకుతూ ఆయన చెయ్యి ఒక కంట్లోంచి మణికట్టు దాకా వదులుగా జారిపోయింది. ఆయన గమనించలేదు. నేను గమనించాను. లోపలికి వెళ్లి మా ఇంటాయన కొత్తగా కొన్న వల తెచ్చి ఆ కన్ను మీద ఈ కన్ను పెట్టి చూశాను. బొటనవేలి వెడల్పంత తేడా ఉంది.

షుగర్ వచ్చి బాపు సగమయ్యాడు. చెయ్యి చిక్కింది, చేతితో పాటు చెరువు కొలత కూడా చిక్కింది. కొత్త వల కొనేవాళ్లంతా ముందు దుకాణం నుంచి ముక్క తెచ్చి బాపు చేతికి పెట్టి చూసేవారు, వేళ్లు దూరే వాటిలో అన్నిటికంటే చిన్న కన్ను ఏదో అదే కొనేవారు. మా ఇంటాయన కూడా అంతే. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ నియమం పాటించారు. ఉంగరం జారిపోతోందని బాపు అంటే దానికి దారం చుట్టి ఇచ్చింది నేనే. అప్పుడైనా నా బుర్రకు తట్టలేదు.

చెప్పాలా వద్దా అని వారం రోజులు నలిగిపోయాను. బాపు తెప్ప ఎక్కి ఎన్నాళ్లో అయింది. సంఘం పెద్దరికం ఎప్పుడో వదిలేశాడు. ఏడాదికి ఒక్క రోజు, వలలు చూసే రోజు, తెల్లచొక్కా వేసుకుని కట్ట మీద కూర్చుంటాడు. ఊరంతా ఆయన ముందు వరుసలో నిలబడుతుంది. ఆయనకు మిగిలింది అదొక్కటే. నేను నోరు తెరిస్తే అది పోతుంది, తెరవకపోతే చెరువు పోతుంది.

చివరికి రెండు వలలూ ఆయన ఒళ్లో పెట్టి చెప్పేశాను. బాపు మొహం ఎర్రబడింది.

"నా చెయ్యి మీదనే అనుమానమా బిడ్డా?" అన్నాడు.

ఆయన పాత వలలో చెయ్యి పెట్టాడు. తీసి కొత్త వలలో పెట్టాడు. మళ్లీ పాత దాంట్లో పెట్టాడు.

వలలు చూసే రోజు బాపు తెల్లచొక్కా వేసుకునే వచ్చాడు. ముందుగా మా వలే పెట్టమన్నాడు. వేళ్లు కణుపుల దాకా నున్నగా దిగాయి. చెయ్యి తీయకుండానే అన్నాడు.

"గీ వల చెరువుల దిగది. వల తప్పు గాదు, నా చెయ్యే తప్పింది. నేను చిక్కిన్నని చెరువెందుకు చిక్కాలె? జర గా పుస్తకం తియ్యుండ్రి."

పుస్తకం తీసి, రాసున్న అంగుళాల ప్రకారం టేపుతో కొలిచారు. రెండు మూడు పాత వలలు తప్ప అన్నీ ఇళ్లకు పోయాయి. ఆ ఎండాకాలం పట్టుబడి దాదాపు లేదు. కొత్త వలలకు డబ్బు పెట్టలేక కొందరు కూలికి పోయారు. మా ఇంటాయన నెల రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవారు. బేరగాడిని మాత్రం ఒక్క ఏడు ఓపిక పట్టమని నేనే బతిమాలుకున్నాను.

ఈ ఏడు పడిన బొచ్చెల్లో చాలావరకు కిలో దాటాయి. కరీంనగర్ బండి వచ్చింది, మొహం తిప్పుకున్నవాళ్లు నవ్వుతూ పలకరించారు. వలల పరీక్ష కూడా సక్రమంగా జరిగింది. టేపు ఒకరు పట్టుకున్నారు, అంకె ఒకరు చదివారు. ఆ రోజు బాపు కట్ట మీదికి రాలేదు. ఎవరైనా అడిగితే షుగర్ ఎక్కువైందని చెప్పమన్నాడు. అడిగిన వాళ్లందరికీ అట్లాగే చెప్పాను. ఆ పొద్దున నేనే చూశాను, షుగర్ మామూలుగానే ఉంది.