పత్తి కుక్కని బుగ్గలు

నా చిన్నప్పుడు మా ఇంటి గూట్లో ఒక పళ్ల సెట్టు ఉండేది. గాజు గ్లాసులో నీళ్లల్లో మునిగి, వచ్చిపోయేవాళ్లందరినీ చూసి ఇకిలిస్తూ ఉండేది. అది మా బాపమ్మది, అంటే మా బాపు తల్లిది. ఆసిఫాబాద్ దగ్గరి పల్లె మాది, పత్తి పండించే ఇల్లు. బాపమ్మ పళ్లన్నీ ఊడిపోయాక బాపు ఆమెను కరీంనగర్ దాకా తీసుకుపోయి ఎంతో ముచ్చటపడి ఆ సెట్టు కట్టించాడు.

కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత మాట్లాడితే టకటకలాడటం, తుమ్మితే ఊడిపడటం మొదలైంది. కట్టినవాడే మోసం చేశాడని బాపు అతన్ని తిట్టని రోజు లేదు. బాపమ్మ మాత్రం దాన్ని తీసి గూట్లో పడేసి, చిగుళ్లతోనే జొన్నరొట్టె నమిలేది. ఏడాదికేడాది ఆమె బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం పైకొచ్చి ముక్కుకు దగ్గరైంది. పిల్లలమైన మాకు తెలిసిన బాపమ్మ ముఖం అదే, మాకు ఇష్టమైనదీ అదే.

బాపుకు మాత్రం ఆ ముఖం చూస్తే ప్రాణం గిలగిలలాడేది. తాతయ్య ఒక్క ఫోటో అయినా లేకుండా పోయాడు. ఆయన ఎట్లా ఉండేవాడని నేనడిగితే బాపు చేతులు తిప్పి ఏదో చెప్పబోయి ఆగిపోయేవాడు. తల్లి విషయంలో అట్లా కాకూడదని పట్టుదల. రేపు ఆమె పోయాక గోడమీద ఉండేది ఆ ఒక్క ఫోటోనే. అందులో ఆమె నిండు బుగ్గలతో, తను చిన్నప్పుడు చూసిన తల్లిలాగా ఉండాలని ఆయన కోరిక. తప్పు కోరికేమీ కాదు.

ఒకనాడు ఎడ్లబండి కట్టించి ఆమెను ఆసిఫాబాద్‌లో ఫోటో స్టూడియోకు తీసుకుపోయాడు. నేనూ ఏడ్చి బండెక్కాను. బాపు జేబులో రుమాలు మూట ఉంది. స్టూలు మీద కూర్చోబెట్టాక అది విప్పితే లోపల పళ్ల సెట్టు! బాపమ్మ కొడుకును ఒక చూపు చూసి, సరే పాపమని నోట్లో పెట్టుకుంది. అది నిలిస్తేనా? పైది జారి కిందిదాని మీద పడింది.

ఫోటో తీసే సాయబు మంచివాడు, ఇట్లాంటి ముఖాలు చాలా చూసినవాడు. "ఫికర్ చెయ్యకు అవ్వా, జరంత పత్తి వెడ్తే బుగ్గలు నిండుతయ్" అంటూ డబ్బాలోంచి దూది తీసి రెండు ఉండలు చేశాడు. బాపు ముఖం వెలిగిపోయింది. దూది ఉండలు రెండు దవడలకూ చేరాయి. బాపమ్మ బుగ్గలు నిజంగానే నిండాయి. నాకు మాత్రం ఎవరో పరాయి ముసలామె మా బాపమ్మ చీర కట్టుకుని కూర్చున్నట్టు అనిపించి భయమేసింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

బాపమ్మ నన్ను చూసింది. కొంగు అడ్డం పెట్టుకుని దూదీ, పళ్లూ అన్నీ బయటికి ఉమ్మేసింది.

"ఇన్నేండ్లు పత్తి ఏరి ఏరి నడుం వంగె. ఇప్పుడు నోట్ల గూడ గదే కుక్కుతరార? పండ్లు పోయినయ్, దవడ బొక్క అరిగింది, నేనైతే ఏడికి పోలే. గీ పోరి గుర్తువట్టకుంటే గా ఫోటో ఎందుకు? ఎట్లున్ననో గట్లనే దియ్యి!"

బాపు బతిమాలుతూనే ఉన్నాడు. ఆమె వినలేదు. కెమెరా వైపు తిరిగి నోరంతా తెరిచి నవ్వింది. ఆ కాలంలో ఫోటోలో ఎవరూ నవ్వేవాళ్లు కాదు, ముసలివాళ్లయితే అసలే కాదు. సాయబు నల్లగుడ్డ కిందికి దూరి ఫోటో తీసేశాడు.

ఫోటో వచ్చాక బాపు చూసి పెట్టె అడుగున పడేశాడు. బాపమ్మ పోయాక, దినాల నాడు, వేరే దిక్కులేక దాన్నే తీసి గోడకు తగిలించాడు. ఏడుస్తూ లోపలికొచ్చిన ఆడవాళ్లు ఆ బోసినోరు చూసి ఏడుపు మధ్యలోనే నవ్వేశారు. బాపు దాని ముందు నిలబడి, "గిదే మా అవ్వ" అన్నాడు. ఆ మాటకు నేను అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్లు తడుస్తున్నాయి.

ఇప్పుడు నా పళ్లూ పోయాయి. కరీంనగర్‌లో పళ్ల డాక్టరమ్మ నా దవడ ఎక్స్‌రే చూపించి చెప్పింది. పళ్ల వేళ్లు ఉన్నంతకాలమే ఆ ఎముకకు పని ఉంటుందట, అవి పోతే కొంచెం కొంచెంగా అరిగిపోతుందట. అందుకే కట్టిన సెట్టు కొన్నాళ్లకు వదులవుతుందట. పాపం, ఆ కట్టినవాడు బాపు చేత ఉత్తపుణ్యానికి తిట్లు తిన్నాడు! నేను మాత్రం నా సెట్టును గూట్లో పెట్టను, వదులైనప్పుడల్లా పోయి సరిచేయించుకుంటాను. రొట్టె వదులుకునే రకాన్ని కాను.

మొన్న మనవరాలు నా ఫోటో తీసి, ఫోనులోనే ఏవో నొక్కి నాకు నున్నటి బుగ్గలు తెప్పించింది. "అమ్మమ్మా, ఎంత మంచిగున్నవో చూడు" అంది. చూశాను. ఆసిఫాబాద్ స్టూలు మీద కూర్చున్న ఆ పరాయి ముసలామే మళ్లీ వచ్చింది. అది తుడిచెయ్యమన్నాను. సెట్టు తీసి పిల్ల చేతిలో పెట్టి, ఇప్పుడు తియ్యమన్నాను.

తిండికి పళ్లు పెట్టుకుంటాను. ఫోటోకు తీసేస్తాను.