మెట్టు కింద పేరు

బేరంలో నన్ను కొట్టేవాడు కైకలూరులో ఇంకా పుట్టలేదు. ఒక సమాధిరాయిని ఉప్పు బస్తాకి కొన్నాను. చూశారా తెలివి! అంత నున్నటి నల్లరాయి, అంత చవగ్గా! ఆ రాయి బరువు ఇన్నేళ్ళూ నేనే మోశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

కొల్లేటి ఒడ్డున ఒక లంకలో చేపల చెరువు గట్టు వెడల్పు చేస్తూ పాత క్రైస్తవ సమాధులు తవ్విపారేశారు. మట్టితోపాటు వచ్చిన రాయిని ట్రాక్టరు డ్రైవరు మా కిరాణా కొట్టు ముందు దించాడు. దాని మీద అక్షరాలున్నాయి. చదివాను కూడా. సారమ్మ అన్న పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు. చదివి, అక్షరాల వైపు కిందికి పెట్టించి, సిమెంటుతో కొట్టుకి మెట్టు కట్టించాను. పైకుంటే జనం తొక్కడానికి జంకుతారు, గిరాకీ పోతుంది. అంతే నా ఆలోచన.

కొన్నాళ్ళకి ఏలూరు నుంచి ఒక టీచరుగారు వచ్చారు. తమ వంశం వివరాలు రాసుకుంటున్నారట. చర్చి పాత పుస్తకాలు వరదలో పోయాయట. తాతమ్మ పుట్టిల్లు ఏ ఊరో ఇక ఆ రాయి మీదే ఉందట.

"ఏవండీ, ఆ లంక రాయి ఒకటి ఈ వీధిలోనే ఎవరికో ఇచ్చానని డ్రైవరు చెప్పాడండీ. సారమ్మ అని చెక్కి ఉంటుంది. మీరేమైనా చూశారా?"

"లేదండీ. వాడి మాట నమ్మి వచ్చారా? కొల్లేరు కూడా అమ్మేసే రకమండీ వాడు."

ఆవిడ నవ్వారు. "మా అమ్మ రోజూ అడుగుతుందండీ, మనం ఏ ఊరివాళ్ళమే అని. అమ్మకి కళ్ళు మసకేస్తున్నాయి. చూపుండగానే చూపిద్దామని. కనిపిస్తే ఫోన్ చెయ్యండేం" అంటూ కొట్లో క్యాలెండరు మీద తన నంబరు రాశారు.

ఆవిడ నిలబడింది ఆ రాయి మీదే. చెప్పులు కింద విడిచి మరీ.

కొట్లో పెరిగినవాళ్ళకి ఒక పట్టింపు ఉంటుంది. సరుకు అయిపోతే "లేదు" అనం. "నిండుకుంది" అంటాం. లేదంటే లక్ష్మి అలుగుతుందని, ఆ మాట జారితే మా నాన్న మొట్టికాయ వేసేవాడు. గల్లా దగ్గర ఎన్నడూ లేదనని నేను, ఉన్నదాన్ని లేదన్నాను. ఎందుకు? కొత్త మెట్టు పగులుతుందనా? నలుగురూ నవ్వుతారనా? లేక, అడిగినవాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యడం చేతకాకనా? ఏటా కొత్త క్యాలెండరు రాగానే ఆవిడ నంబరు దాని మీదకి ఎక్కించుకుంటూ, ఒక్కసారీ ఫోను చెయ్యనివాణ్ణి ఏమనాలి?

మొన్న మురుగుకాలవ పనికి మెట్టు తీయాల్సి వచ్చింది.

"పగలగొట్టెయ్యమంటారాండీ?" అన్నాడు మేస్త్రీ.

వద్దన్నాను. తిప్పించాను. ఇన్నేళ్ళ కాళ్ళు పైముఖాన్ని అరగదీశాయి గానీ, కింది అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. అడుగు సిమెంటులో అవే అక్షరాలు తిరగబడి అచ్చుపడ్డాయి. అప్పుడు ఫోను చేశాను. అంతా చెప్పేశాను.

ఆవిడ క్షమించాననలేదు. "వస్తున్నానండీ, రాయి జాగ్రత్త" అన్నారు. వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఊరి పేరు వేలితో దిద్దుతూ చదివారు. ఉండి అనే ఊరి దగ్గర పల్లె. "ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉండే ఉంటారండీ. ఆదివారం వెళ్తాను" అన్నారు. నాతో కాదు, రాయితో అన్నట్టు.

ఇక పద్దు. రాయి ఇచ్చేశాను. బండి కిరాయి నేనే ఇచ్చాను, బేరమాడలేదు. టీచరుగారి అమ్మగారు ఇంకా ఉన్నారట. చేత్తో తడిమి తన అమ్మమ్మ పేరు పోల్చుకుంటారట. చూపు మాత్రం ఈలోగా పోయింది. దానికి బదులివ్వడానికి నా కొట్లో ఏమైనా ఉందా?

నిండుకుందని అనను. లేదు.